మా రెండవ శనివారములు

నెలలో రెండవ శనివారము వచ్చినదనగా మేము తెల్లవాఱుజామున లేచి, చేతిసంచి తగిలించుకొని, రైలు స్టేషను దారి పట్టుట మన విద్యార్థులలో పలువురు చూచియున్నారు. అయ్యగారు పెండ్లికి పోవుచున్నారని కొందఱును, పరీక్షాపత్రములు అచ్చునకిచ్చుటకు పోవుచున్నారని కొందఱును చెప్పుకొందురట. గడుసువాడైన బాలుడొకడు మేము రైల్వేవారు రహస్యముగా నియమించిన టిక్కెట్టు పరీక్షకులమని తరగతియంతట చాటెనని కూడ వింటిమి. ఈ సంవత్సరపు సంచికకు ఏదేనొక వ్యాసము వ్రాయవలయునని సంపాదకవర్గమువారు కోరగా, ఆ సందేహములన్నియు ఒక్కసారి తీర్చుట మేలని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. మేము పోవునది పెండ్లికిని కాదు, అచ్చుకూటమునకును కాదు. ఎవ్వరును దిగని చిన్న స్టేషనులో దిగి, మరల బండి వచ్చువఱకు అక్కడ కూర్చుండి, ఇంటికి వచ్చుచున్నాము. అంతియే.

ఈ మాట విని మా తోడి ఉపాధ్యాయులు నవ్వుదురు. ఒకరు తపాలాబిళ్లలు కూర్తురు, ఒకరు పాతనాణెములు కూర్తురు; వానిని పెట్టెలో పెట్టి పదిమందికి చూపవచ్చును. స్టేషనును ఇంటికి తెచ్చుట యెట్లు? మా యింటివారు సయితము మొదట, "కాలవ్యయము, ధనవ్యయము" అని గొణిగినవారే. ఇప్పుడు మాత్రము మేము అడుగకయే పులిహోర పొట్లము కట్టి సంచిలో పెట్టుచున్నారు. ఈ వ్యసనము మాకు ఎట్లు పట్టుకొనెనో చెప్పవలయునన్న, ముందు మేము చేసిన తప్పొకటి చెప్పవలసియున్నది. అది మాకు గౌరవము తెచ్చునది కాదు. అయినను ఉపాధ్యాయుల తప్పులు విద్యార్థులకు తెలియుట యొక్కొక్కప్పుడు మంచిదే.

అది 2011వ సంవత్సరము. మేము శిక్షణ కళాశాలనుండి వచ్చి కొన్ని సంవత్సరములే యైనది. సమయపాలనమును గూర్చి అక్కడ నేర్చిన పాఠములు మా తలలో ఇంకను వేడిగానే యుండెను. ఎనిమిదవ తరగతి మాకు అప్పగింపబడెను. మొదటి గంట మా గణితమే. ఆ తరగతిలో బాలుడొకడు రైలుమీద బడికి వచ్చుచుండెను. బాలురకు పండ్రెండవ తరగతి వఱకును, బాలికలకు పట్టపరీక్ష వఱకును ఇంటినుండి బడికి వచ్చిపోవుటకు రైల్వేవారు నెలసరి టిక్కెట్టును ఉచితముగా ఇత్తురు గదా. అట్టి టిక్కెట్టు వానికుండెను. కాని వాడు వారములో మూడు నాలుగు దినములు ఆలస్యముగా వచ్చుచుండెను. కారణమడుగగా, "ఎక్స్‌ప్రెస్సు కోసం మా బండి ఆపేశారండి" అనెడివాడు. మఱునాడును అదే మాట. ఆ మఱునాడును అదే మాట. ఒకే సాకు దినదినము చెప్పువాడు కొత్తసాకు కల్పించుటకు కూడ సోమరియని మేము తలంచితిమి. గంట ముగియువఱకు వానిని వసారాలో నిలువబెట్టితిమి. ఇట్లు ఎన్ని దినములు జరిగినదో హాజరుపట్టీలో నేటికిని కనబడును. తుదకు వాని తండ్రికే చెప్పి వత్తుమని నిశ్చయించుకొని, రెండవ శనివారము ఉదయమున పాసింజరు బండి యెక్కితిమి.

బండి బయలుదేరి మూడవ స్టేషనులో ప్రక్కపట్టాలమీదికి పోయి నిలిచెను. ఈ ప్రక్కపట్టాలను లూపు లైను అందురు. వెనుకనుండి వచ్చు వేగపుబండికి ప్రధానమార్గము విడిచిపెట్టి చిన్నబండి ఇందులో వేచియుండవలయును. మొదట ఒక ఎక్స్‌ప్రెస్సు పోయెను. కదలుదుమనుకొంటిమి, కదలలేదు. పిమ్మట సామానుబండి యొకటి, దాని వెనుక మఱియొక ఎక్స్‌ప్రెస్సు పోయెను. మా చేతిగడియారము ప్రకారము మేము అక్కడ 52 నిమిషములు కూర్చుంటిమి. గార్డు క్రిందికి దిగి చెట్టునీడన నిలుచుండగా, ఈ దినమేమైన విశేషమాయని అడిగితిమి. ఆయన నవ్వి, "ఇది రోజూ ఉండేదే మేష్టారూ, పొద్దున్న టౌనుకి వచ్చే బండికైతే ఇంకా ఎక్కువ" అనెను. అప్పుడు మా మనస్సు ఎట్లుండెనో వ్రాయజాలము. ఇంకను ఆ బాలుని ఊరు రాకమునుపే మేము తీసికొనిపోవుచున్న ఫిర్యాదు చల్లారిపోయెను.

వాని యూరిలో ఉన్నది స్టేషను కాదు, హాల్టు. హాల్టునందు స్టేషనుమాస్టరుండడు, సిగ్నలుండదు. ఆ గ్రామమువాడెవడేని ఒకడు ఏజెంటుగా కుదిరి, సమీపపు స్టేషనునుండి టిక్కెట్టుల కట్టలు తెచ్చి అమ్మి, అమ్మినదానిపై కొంత కమీషను పుచ్చుకొనును. అక్కడ ఒక గది, ఒక వేపచెట్టు, సిమెంటు బల్ల యొకటి, పసుపుపచ్చని పలకపై నల్లని అక్షరములతో ఊరిపేరు ఉండెను. బండినుండి దిగినవారము మేమొక్కరమే. చొక్కా గుండీలు పెట్టుకొనుచు గదిలోనుండి ఒకాయన పరుగున వచ్చెను. మమ్మును తనిఖీదారు అనుకొన్నాడని తెలిసినది. ఆయనయే ఆ బాలుని తండ్రి. మేము ఎవరమో చెప్పగానే ఆయన ముఖము మాఱిపోయెను. "మావోడేటైనా తప్పు చేసినాడేటి బాబూ?" అని అడిగెను. అంతలో బాలుడు నీళ్లబిందెతో బావివైపునుండి వచ్చుచు మమ్మును చూచి, బిందె దింపకయే నిలిచిపోయెను. నీళ్లు చొక్కామీద ఒలుకుచుండెను. వాడు మావంక కాదు, తండ్రివంక చూచుచుండెను.

మేము ఏమి చెప్పుటకు పోయితిమో దానిని చెప్పలేకపోయితిమి. మీవాడు బాగుగనే చదువుచున్నాడు, ఈ వైపు వచ్చి చూచిపోవుదమని దిగితిమని చెప్పితిమి. అందులో మొదటిమాట నిజమే. రెండవది అప్పటికి నిజము కాదు. తిరుగు బండికి మూడు గంటలుండెను. ఆయన టీ తెప్పించెను. తన లెక్కపుస్తకము చూపెను. ఏ ఊరికి ఎన్ని టిక్కెట్లు పోయినది, ఎంత వచ్చినది, నూటికి ఇంత చొప్పున కమీషను ఎంత అనునవి నిలువుగీతల నడుమ చక్కగా వ్రాసియుండెను. ఆ వ్రాత బాలునిది. తండ్రి పొలమునకు పోయినప్పుడు తెల్లవాఱుజాము బండికి టిక్కెట్లు అమ్మువాడును వాడే. మొదటి గంటలో మేము తరగతికి శతభాగములు నేర్పుచుండగా వసారాలో నిలిచియుండిన బాలునికి శతభాగములు పరీక్షలో ఎట్లు తప్పకుండ వచ్చుచుండెనో మాకు ఆనాడు తెలిసినది.

సోమవారము వాడు మరల ఆలస్యముగానే వచ్చెను. వానిని లోనికి పిలిచి, తరగతియంతయు వినునట్లు, తప్పు మాదేయని ఒప్పుకొంటిమి. బాలురందఱును మౌనముగా నుండిరి. వాడు తల వంచుకొని కూర్చుండెను. సాయంకాలము బడి విడిచిన తరువాత మా యొద్దకు వచ్చి, "మా హాల్టు చూశారు కదండీ, అక్కడికి ఎవ్వరూ రారండి" అనెను. అది నిష్ఠూరమో సంతోషమో మాకు తెలియలేదు. ఆ మాట మాత్రము మనస్సులో నాటుకొనెను. తరువాతి రెండవ శనివారమున మఱియొక చిన్నస్టేషనుకు టిక్కెట్టు కొంటిమి. అది మొదలు ఇప్పటికి మా నోటుపుస్తకములో అరువదికి పైగా స్టేషనుల పేరులు చేరినవి.

మా పద్ధతి యిది. బండ్లరాకపోకల పట్టిక తీసి, దినమునకు రెండు మూడు బండ్లకన్న నిలువని స్టేషనును చూచుకొందుము. పోవుటకొక బండి, వచ్చుటకొక బండి యున్న చాలును. సంచిలో అన్నము, నీళ్లు, పెన్సిలు, నోటుపుస్తకము. టిక్కెట్టు లేక ఎక్కము, పట్టాలమీద నడువము, స్టేషనుమాస్టరుండినయెడల ఆయనతో చెప్పి గాని కూర్చుండము. ఈ మూడు నియమములును విద్యార్థులు ప్రత్యేకముగా గమనింపవలయును. అక్కడ మేము వ్రాసికొనునవి: పలకమీది పేరు; దానిక్రింద వ్రాసియుండు సముద్రమట్టపు ఎత్తు; చెట్లెన్ని, ఏవి; నీళ్లున్నవా; దిగినవారెందఱు, ఎక్కినవారెందఱు; ఎవరేమి చెప్పిరి. ఆదివారము ఆరాధనకు చెల్లును గనుక శనివారము రాత్రికి ఇల్లు చేరవలయుననునదియు మాకొక నియమము. సెలవులలో మాత్రము దూరము పోవుదుము.

ఆ హాల్టులో మేము కొన్న అట్టముక్క టిక్కెట్టు నేటికిని మా నోటుపుస్తకపు మొదటి పుటకు అంటింపబడియున్నది. మీలో చిన్నవారు అట్టి టిక్కెట్టును చూచియుండరు. ఇప్పుడంతటను యంత్రము ముద్రించు పలుచని కాగితములే. అట్టముక్క టిక్కెట్టు కథ చెప్పదగినది. ఇంగ్లండుదేశమున థామస్ ఎడ్మండ్‌సన్ అనునాయన బల్లలు, బీరువాలు చేయు పని నేర్చి, ఆ వ్యాపారమున దివాలా తీసెను. 1836వ సంవత్సరమున న్యూకాసిల్-కార్లైల్ లైనులో మిల్టను అను చిన్నస్టేషనున ఉద్యోగమునకు కుదిరెను. ఆ కాలమున ప్రయాణికునకు టిక్కెట్టును చేతితో వ్రాసి ఇచ్చుచుండిరి. అది ఆలస్యము, లెక్కకు అందదు. ఎడ్మండ్‌సన్ చిన్న అట్టముక్కలపై ముందుగానే ఊరిపేరులును వరుస సంఖ్యలును అచ్చువేసి, అమ్మునప్పుడు తేదీ ముద్రించు యంత్రమును కల్పించెను. ఎన్ని అమ్ముడుపోయినది సంఖ్య చూచిన తెలియును. రెండున్నర అంగుళముల కంటె కొంచెము తక్కువ పొడవుగల ఆ ముక్క ప్రపంచమంతట వ్యాపించి నూటయేబది సంవత్సరములకు పైగా నడిచెను. ఈ తలంపు లండను మహానగరపు పెద్దకచ్చేరిలో పుట్టలేదు. పొద్దుపోని చిన్నస్టేషనులో, ఒకసారి ఓడిపోయిన మనుష్యుని బుద్ధిలో పుట్టెను.

మేము చూచినవానిలో కొన్నిటిని మాత్రము చెప్పుదుము. శ్రీకాకుళము జిల్లాలో నౌపడ యున్నది. ఉప్పుమళ్లకు ప్రసిద్ధమైన చోటు. అక్కడనుండి పర్లాకిమిడికి ఆ సంస్థానపు రాజాగారు సుమారు ఏడు లక్షల రూపాయలు వెచ్చించి చిన్నరైలు వేయించిరి. పట్టాల నడుమ వెడల్పు రెండున్నర అడుగులే. 1900 ఏప్రిల్ 1వ తేదీన అది ప్రారంభమై, 1931 నాటికి గుణుపురము చేరెను. మొదటి సంవత్సరములలో నష్టమే వచ్చెనట. 2004లో ఆ చిన్నబండ్లు ఆగి, మార్గము పెద్దపట్టాలుగా మార్పబడి, 2010, 2011 సంవత్సరములలో మరల బండ్లు నడువసాగెను. మేము అటు పోయినది 2013లో. దారిలోని ఒక స్టేషనున దిగి చెట్టుక్రింద కూర్చుండగా వృద్ధురాలొకతె కూరగాయల గంపతో వచ్చి మా ప్రక్కన కూర్చుండెను. చిన్నబండి మీకు జ్ఞాపకమున్నదాయని అడిగితిమి. "సిన్నబండి కూత ఇనే ఎసరు పెట్టేవోళ్లం బాబూ. ఆ బండి ఆగిపోయినాక మా ఇంట్లో వంట ఏనాడూ ఏళకి అవనేదు" అనెను. రైలు లేని ఆ ఆఱేడు సంవత్సరములలో ప్రయాణికులు పడిన కష్టములు పత్రికలలో వచ్చియుండవచ్చును. ఆమె వంట సంగతి ఎవరు వ్రాయుదురు? మా నోటుపుస్తకములో వ్రాసికొంటిమి.

పర్లాకిమిడి పేరు వచ్చినప్పుడు తెలుగు ఉపాధ్యాయులెవరును గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని స్మరింపక ఉండరాదు. 1880లో ఆయన అక్కడి రాజాగారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను; ఆ యూరికి రైలు వచ్చునప్పటికి ఆయన అక్కడనే పాఠములు చెప్పుచుండెను. చుట్టుపట్ల కొండలలోని సవరలు మాటలాడు భాషను ఎవ్వరును పట్టించుకొనకుండగా, ఆయన స్వయముగా నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చెను. నోటితో మాటలాడు తెలుగే వ్రాతకు తగినదని తుదివఱకు వాదించి 1940లో గతించెను. ఆ మహనీయుని గూర్చి ఇట్టి గ్రాంథికములో వ్రాయుట ఆయనకు నచ్చదని మాకు తెలియును. మా పాతయలవాటును ఆయన ఆత్మ క్షమించుగాక. పెద్దమార్గములనుండి ప్రక్కకు పోయి అక్కడ ఉన్నవారి మాట వినుట యెట్లో ఆయనవలన నేర్చుకొనవచ్చునని మాత్రము చెప్పుదుము.

విజయనగరము నుండి పార్వతీపురము పోవు మార్గములో బొబ్బిలి యున్నది. అక్కడనుండి సాలూరుకు 1913లో శాఖామార్గము వేసిరి. దూరము సుమారు 18 కిలోమీటర్లు. సాలూరు వేగవతీనదియొడ్డున, లారీల వ్యాపారమునకు పేరుపొందిన పట్టణము. అన్ని లారీలున్న ఊరికి రైలుతో ఏమిపనియని అడుగవచ్చును. మేము 2016లో పోయినప్పుడు ఆ దారిలో నడుచుచుండినది రైలుబస్సు. పేరునకు తగినట్లే అది పట్టాలమీద పోవు బస్సువలెనే యుండును. రోడ్డు అడ్డమువచ్చిన చోట బస్సు ఆగును. అందులోనుండి ఉద్యోగి యొకడు దిగి గేటు మూయును. బస్సు గేటు దాటి మరల ఆగును. ఆయన గేటు తెఱచి, పరుగున వచ్చి యెక్కును. మరల గేటు, మరల దిగుట. ఎండలో ఆయన ఎన్నిసార్లు దిగి యెక్కెనో లెక్కింపదలచి నడుమ లెక్క తప్పితిమి. విసుగు రాదాయని అడిగితిమి. "గేటు దగ్గర ఆగినోళ్లకి విసుగండి. నాకు నడకండి" అనెను. తరగతిలో ఒకే ప్రశ్నకు అయిదవసారి సమాధానము చెప్పవలసి వచ్చినప్పుడెల్ల ఈ మాట మాకు జ్ఞప్తికి వచ్చును.

గోదావరి ప్రాంతమున కాకినాడనుండి కోటిపల్లికి పోవు మార్గము చరిత్ర విచిత్రమైనది. సుమారు 45 కిలోమీటర్ల ఈ లైను 1928లో వేయబడి, రామచంద్రపురము, ద్రాక్షారామముల మీదుగా గౌతమీతీరము చేరెను. పండ్రెండు సంవత్సరములే నడిచెను. రెండవ ప్రపంచయుద్ధమునకు ఇనుము కావలసివచ్చి 1940లో పట్టాలు పెకలించి తీసికొనిపోయిరి. ఆ పట్టాలు మరల రాలేదు. బడిలో చేరినవాడు తాతయగునంత కాలము గడచిన పిమ్మట, 2004లో కొత్తపట్టాలమీద మరల బండి కోటిపల్లి చేరెను. మేము 2018లో దసరాసెలవులలో పోయితిమి. అప్పుడును రైలుబస్సే. కోటిపల్లిలో దిగిన కొలదిమంది పంటు ఎక్కి ఆవలియొడ్డుననున్న ముక్తేశ్వరమునకు పోయిరి. మేము నదియొడ్డున కూర్చుంటిమి. రైలును నరసాపురము వఱకు పొడిగించుటకు తలపెట్టిన వంతెన స్తంభములు నీటిలో నిలిచియుండెను. ఆ స్తంభములు చూచి ఒక వృద్ధుడు, "నా చిన్నప్పుడు పోయిన రైలు నా ముసలితనంలో వచ్చింది. వంతెన సంగతి మా మనవడు చూసుకుంటాడులెండి" అని నవ్వెను. వేచియుండుటయందు అంతటి ఓర్పు మేము మఱెక్కడను చూడలేదు.

కొత్తవలస నుండి కిరందూలు పోవు కొండమార్గములో సిమిలిగూడ యున్నది. బొఱ్ఱాగుహలకును అరకునకును నడుమ. సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తు. దేశమున పెద్దపట్టాల స్టేషనులలో ఇంతకంటె ఎత్తైనది లేదని చిరకాలము దానికి ఖ్యాతి యుండెను. 2008లో కాశ్మీరులోయలో రైలు నడుచుటతో ఆ పదవి పోయెను. పదవి పోయినను ఎత్తు తగ్గలేదు గదా! అరకు చూడబోవువారు దానిని కిటికీలోనుండి ఒక ఛాయాచిత్రము తీసి పోవుదురు. పేరులకు ప్రసిద్ధమైనది రేణిగుంట, అరక్కోణముల నడుమనున్న వెంకటనరసింహరాజువారిపేట. 1862లోనే రేణిగుంట చేరిన ప్రాచీనమార్గమది. పేరెంత దీర్ఘమో బండి నిలుచుట అంత హ్రస్వము. మేము వేసవిసెలవులలో అటు పోవుచు, పలకమీది పేరును మూడు భాషలలోను చదువ ప్రారంభించి రెండవ భాష ముగియకమునుపే బండి కదలెను.

ఇట్లు కూర్చుండి కూర్చుండి మేము చూచినవానిలో మా మనస్సును మిక్కిలి ఆకర్షించినది నిలువని బండి వచ్చు సమయము. ఎక్స్‌ప్రెస్సు వచ్చునని గంట మ్రోగును. స్టేషనుమాస్టరు టోపీ సవరించుకొని, పచ్చజెండా చేతబట్టి ప్లాటుఫారముమీద నిలుచును. అవతలి ప్రక్క పాయింట్సుమను నిలుచును. బండి ఉఱుముచు వచ్చును. ఇంజను నడుపువాడు ఆ క్షణమున ఆ చిన్నమనుష్యుని వంక చూచి జెండా చూపవలయును, ఈయనయు చూపవలయును. పోవుచున్న బండిలో ఏ పెట్టెక్రిందనైన నిప్పు కాని పొగ కాని కనబడునేమో అని, కడపటి పెట్టె దాటువఱకు ఇరువురును కన్నార్పక చూతురు. పిమ్మట గార్డునకు జెండా చూపుదురు. బండిలో వేయిమంది నిద్రించుచుందురు. ఆ స్టేషను పేరు వారిలో ఒక్కనికిని తెలియదు. అయినను వారి నిద్రకు అక్కడ నిలిచినవాడు పూచీ. ఒకసారి మేము ఒక మాస్టరుగారిని, మీ స్టేషనులో బండి నిలువదని మీకు చింత లేదాయని అడిగితిమి. "నిలవకుండా క్షేమంగా పోవడమే కదండీ మా పని" అని ఆయన రిజిస్టరులో వేళ వ్రాసికొనుటకు లోనికి పోయెను.

ఇక ఆ హాల్టు సంగతి. 2020 మార్చిలో మహమ్మారివలన దేశమున ప్రయాణికుల బండ్లన్నియు ఆగిపోయెను. తరువాత బండ్లు ఒక్కొక్కటిగ వచ్చెను గాని, దేశమున అనేకములైన చిన్నచోట్లలో నిలుచుట మానెను. పాసింజరు బండ్లకును ఎక్స్‌ప్రెస్సు ఛార్జి పెట్టుటచే 10 రూపాయల కనీసపు టిక్కెట్టు 30 రూపాయలాయెను. 2024 ఫిబ్రవరిలో గాని అది మరల 10 రూపాయలకు దిగలేదు. మా బాలుని హాల్టులో బండి ఇప్పటికిని నిలుచుట లేదు. అమ్ముడుపోవు టిక్కెట్లు తక్కువయన్న కారణము చెప్పిరట. ఆ లెక్క తప్పని మేము అనలేము. ఆ లెక్కపుస్తకము మేము చూచినదే. కాని ఉచితపు నెలటిక్కెట్టుతో బడికి వచ్చు పిల్లలు ఆ లెక్కలోనికి రారు. ఆ యూరినుండి మన బడికి వచ్చుచుండిన వారిలో ఇద్దఱు ఇప్పుడు వసతిగృహమున ఉన్నారు. ఒక బాలిక చదువు మానెను. ఆమె తండ్రిని చూచుటకు పోయి రెండుసార్లు మాటలాడితిమి. "ఆటోకి రోజూ డబ్బెక్కడిది బాబూ?" అను ప్రశ్నకు మా యొద్ద సమాధానము లేకపోయెను. ఊరివారు సంతకములు చేసి అర్జీ పంపిరి. దానిని వ్రాసియిచ్చినవారము మేమే. ఆ వ్రాతలో మేము నేర్చిన తెలుగంతయు పెట్టితిమి. జవాబు కొఱకు ఎదురుచూచుచున్నాము.

పోయిన సంవత్సరము రెండవ శనివారమున ఒకనాడు రోడ్డుమార్గమున పోయి ఆ హాల్టు చూచితిమి. గది తలుపునకు తాళము. బల్ల యున్నది. వేపచెట్టు పెరిగినది. ఏజెంటుగారు మమ్మును చూచి, మొదటిసారి వచ్చినట్లే, గుండీలు పెట్టుకొనుచు వచ్చెను. బండి నిలువకపోయినను ఆయన ఉదయము ఒకసారి వచ్చి బల్లచుట్టు ఊడ్చిపోవుచున్నాడు. ఎందులకని మేము అడుగలేదు.

ఆనాటి బాలుడు ఇప్పుడు హైదరాబాదున ఒక దుకాణములో లెక్కలు వ్రాయు ఉద్యోగమున ఉన్నాడు. ఆ రాత్రి వానితో ఫోనులో మాటలాడుచు, హాల్టు చూచివచ్చితిమని చెప్పితిమి. "బోర్డు ఇంకా ఉందాండీ?" అని అడిగెను. ఉన్నది గాని అక్షరములు వెలసిపోయినవంటిమి. కొంతసేపు మాటలాడలేదు. తరువాత, "కింద సముద్రమట్టం ఎత్తు రాసి ఉండేదండి, ఎంతో మర్చిపోయాను" అనెను. మేము లేచి నోటుపుస్తకము తెచ్చి, మొదటి పుట తీసి, 23 మీటర్లని చదివి వినిపించితిమి. పిమ్మట ఆ పుటలో ఉన్నదంతయు చదువుమనెను, చదివితిమి. వేపచెట్టు ఒకటి, బల్ల ఒకటి, బావి ఒకటి, దిగినవారు ఒకరు.

ప్రియవిద్యార్థులారా, ఈ వ్యసనమును మీరును పట్టుకొనవలయునని మేము చెప్పము. మీ తలిదండ్రులు మమ్మును నిందింతురు. ఒక్కటి మాత్రము కోరుదుము. మీ తరగతిలో దినదినము ఆలస్యముగా వచ్చువాడెవడేని ఉండినయెడల, వాడు లోనికి వచ్చునప్పుడు నవ్వకుడు. విరామములో వానిప్రక్కన కూర్చుండి, నీ యూరెక్కడ, ఎట్లు వచ్చుచున్నావని అడుగుడు. ఆ దారి మాకును చెప్పినయెడల, మా నోటుపుస్తకములో ఇంకను కొన్ని తెల్లపుటలు మిగిలియున్నవి.